143 క్యాసెట్లు, కిందపడ్డ ఒక హార్డ్ డిస్కు: ప్రాజెక్టు డైరీ

ఇలాంటి డిస్కు ఎవరి చేతికైనా వస్తే నేను పాడుచేసుకున్న రెండు రాత్రులు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను. పని అయిపోయాక రాసింది కాదు. రోజూ నోటుబుక్కులో గీసుకున్న లెక్కలనే వరుసలో పెట్టాను.

మా పెదనాన్న తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పద్య నాటకాలకు ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించారు. పందిళ్లలో, పరిషత్తుల్లో పట్టిన 143 క్యాసెట్లను ఓపిగ్గా కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒక్కో వైపుకు ఒక వేవ్ ఫైలు చొప్పున మొత్తం 286 ఫైళ్లు, 105 జీబీ. ఇవి కాక పెళ్లి వీడియోలు, ఫొటోలు ఇంకో 107 జీబీ. అంతా ఒకే పోర్టబుల్ డిస్కులో ఉంది. 1 టీబీ, రెండున్నర అంగుళాలు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కు మీద ఫైళ్లు సర్దే పద్ధతి). ఇంకో కాపీ లేదు.

డిస్కు తిరుగుతుండగా బల్ల మీది నుంచి గచ్చు మీద పడింది.

దశ 0: నా దగ్గరికి రాకముందు జరిగినవి

1. విండోస్ "స్కాన్ అండ్ ఫిక్స్" అని అడిగితే అన్నయ్య కొడుకు సరే అన్నాడు. 11 శాతం దగ్గర ఆగిపోయింది.
2. ఫోల్డరు మొత్తం కాపీ, పేస్ట్ కొట్టి ఆరు గంటలు వదిలేశాడు. ఒక్క ఫైలూ రాలేదు.
3. ఎవరో చెప్పారని ఫ్రిజ్‌లో పెట్టబోతే పెద్దమ్మ తిట్టి ఆపింది.

మూడోది పెద్దమ్మ పుణ్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కులో తేమ చేరితే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. అన్నిట్లోకీ ప్రమాదం మొదటిది. ఆ స్కాన్ చదవడంతో ఊరుకోదు, డిస్కు మీద రాస్తుంది. చదవలేకపోయిన ఫైలు వివరాలను "పాడైనవి" అని కొట్టేస్తుంది కూడా. 11 శాతంలో ఆగడం మా అదృష్టం.

దశ 1: చెవి, తర్వాత స్మార్ట్ (మే 10, శనివారం)

ముందు చెవి. డిస్కుకు కరెంటు ఇచ్చి నిమిషం పాటు చెవి దగ్గర పెట్టుకున్నాను. తిరిగే శబ్దం మామూలుగా ఉంది. టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకోవడం లేదు. అలా కొట్టుకుని ఉంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది. అది హెడ్, అంటే లోపల తిరిగే పళ్లేల మీది డేటాను చదివే ముక్క, పోయిన లక్షణం. ధూళి లేని గదిలో మూత తీసి హెడ్లు మార్చేవాళ్లకే అప్పగించాలి, ఇంట్లో తెరిస్తే పళ్లేల మీద గీతలు పడతాయి. గుంటూరులో ఒక షాపులో అడిగితే, మూత తీసే అవసరం పడితే 18,000 అన్నారు, గ్యారంటీ లేదు. మూత తీసే అవసరం ఉందో లేదో మాత్రం డిస్కు చూడకుండా చెప్పలేమన్నారు. అది న్యాయమైన మాటే.

తర్వాత లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. డిస్కు గుచ్చేముందే ఆటోమౌంట్ ఆపేయాలి. లేకపోతే డెస్క్‌టాప్ దానంతటదే డిస్కు తెరిచి తడుముతుంది.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలను స్మార్ట్ అంటారు. వాటిని చూపించే స్మార్ట్‌సీటీఎల్ ఇచ్చిన వాటిలో పనికొచ్చినవి ఇవి (సెక్టారు అంటే డిస్కు చదివే అతిచిన్న ముక్క):

- 5 (మార్చేసిన సెక్టార్లు): 0
- 197 (అనుమానంలో ఉన్న సెక్టార్లు): 1,352
- 199 (కేబుల్ తప్పులు): 0
- 194 (వేడి): 46 డిగ్రీలు

197లోని అంకెను 8తో భాగిస్తే సరిగ్గా 169. ఈ డిస్కు బయటికి 512 బైట్ల సెక్టార్లు చూపిస్తుంది గానీ లోపల నిజంగా ఉన్నది 4,096 బైట్లవి. ఒక పెద్ద సెక్టారు పోతే ఎనిమిది చిన్నవి పోయినట్టు లెక్క. ఈ 4,096ను గుర్తుంచుకోండి, చివరిదాకా దీనితోనే పని.

169 అంటే డిస్కు ఇప్పటిదాకా తగిలి చూసినవి మాత్రమే. అసలు లెక్క చదివితే గానీ తేలదు.

*ఇప్పటిదాకా: డిస్కు తిరిగింది 20 నిమిషాలు. దక్కింది 0. ఖర్చు 0.*

దశ 2: రెండు తప్పులు, ఒకే రాత్రి (మే 11)

పద్ధతి ఒక్కటే. దెబ్బతిన్న డిస్కు మీద ఏ రిపేరూ చేయకూడదు. ముందు సెక్టారు సెక్టారుగా ఇంకో డిస్కు మీదికి ఇమేజి, అంటే డిస్కు మొత్తానికి అచ్చు నకలు ఫైలు, తీయాలి, తర్వాత ఏం చేసినా ఆ ఇమేజి మీదే చేయాలి. దానికి వాడింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఉబుంటులో ప్యాకేజీ పేరు ముందు ఒక "జీ" ఉంటుంది, అది చూసి వేసుకోవాలి. డిస్కును కాపీ చేసే మామూలు కమాండు డీడీకి దీనికి తేడా మ్యాప్ ఫైలు. ఏ చోటు చదివింది, ఏది చదవలేకపోయింది, ఏది ఇంకా ముట్టలేదు అనేది అందులో రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఆపినా అక్కడి నుంచే మొదలెడుతుంది.

5,600 పెట్టి 2 టీబీ డిస్కు కొన్నాను. మొదటి తప్పు ఇక్కడే. అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వచ్చింది, నేను అలాగే వాడేశాను. మొదట్లో బాగానే నడిచింది. దెబ్బ ఎక్కడిదాకా ఉందో చూద్దామని 500 జీబీ దగ్గరికి దూకమన్నాను. కొత్త డిస్కు లైటు ఇరవై నిమిషాలు మినుకుమంటూనే ఉంది, అంకె కదల్లేదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఖాళీ వదలడం చేతకాదు. 500 జీబీ దగ్గర ఒక బైటు రాయాలంటే ముందున్న 500 జీబీనీ సున్నాలతో నింపుకుంటూ వస్తుంది. ఆపేసి ఈఎక్స్‌టీ4 పెట్టాను. అందులో ఇమేజి సైజు 1 టీబీ అని కనిపించినా, నిజంగా రాసినంత చోటే తీసుకుంటుంది.

రెండో తప్పు యూఎస్‌బీ మీదే చదవడం. 3.22 జీబీ వరకు సెకనుకు 90 ఎంబీ చొప్పున వచ్చింది. అక్కడ ఆగి, డిస్కు మాయమై, లైనక్స్ దానికిచ్చిన ఎస్‌డీబీ అన్న పేరు కాస్తా ఎస్‌డీసీ అయి మళ్లీ ప్రత్యక్షమైంది. డబ్బాలో డిస్కును యూఎస్‌బీకి కలిపే బోర్డు, యూఎస్‌బీ బ్రిడ్జి, చిన్న తప్పు తగిలినా తనను తాను రీసెట్ చేసుకుంటోంది. పాపం డీడీరెస్క్యూ లేని డిస్కును చదవబోయి, రెండు నిమిషాల్లో 40 జీబీని "చదవలేకపోయాను" అని మ్యాపులో రాసేసింది. మ్యాపు చూసి కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

మీకూ ఇలా అయితే మ్యాపు చెరిపేయకండి. ఇంగ్లీషు పెద్ద అక్షరం "ఏ" (-A) ఆప్షన్ ఇస్తే, వదిలేసిన చోట్లన్నిటినీ "ఇంకా ముట్టలేదు" అని మారుస్తుంది. దక్కినవి దక్కినట్టే ఉంటాయి.

*ఇప్పటిదాకా: తిరిగింది 5 గంటలు. దక్కింది 3.22 జీబీ. ఖర్చు 5,600.*

దశ 3: డబ్బా విప్పి, అవసరమైనదే చదవడం (మే 12, 13)

పాత ఏటీఎం కార్డును అంచులోకి దూర్చి ప్లాస్టిక్ డబ్బా విప్పాను. లోపల మామూలు సాటా డిస్కు, దానికి తగిలించిన చిన్న బ్రిడ్జి బోర్డు ఉన్నాయి. అందరికీ ఇలా ఉండదు. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్టు నేరుగా డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది. కొన్నిట్లో బ్రిడ్జే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అది తీసేస్తే చెత్త తప్ప ఏమీ కనిపించదు. అందుకని ఈ పరీక్ష:

1. బ్రిడ్జి మీద ఉన్నప్పుడే మొత్తం సెక్టార్ల అంకె రాసుకోవాలి. నాకు 1,95,35,25,168.
2. సాటా కేబుల్‌తో డెస్క్‌టాప్‌కు తగిలించి మళ్లీ చూడాలి. అదే అంకె.
3. మొదటి 10 ఎంబీ రెండు విధాలా చదివి పోల్చాలి. ఒకటే.

మూడూ కలిశాయి కాబట్టి పాత మ్యాపుతోనే ముందుకు. ఈసారి డిస్కును ఎస్‌డీబీ అని కాకుండా బై-ఐడీ ఫోల్డర్లో ఉండే పూర్తి పేరుతో పిలిచాను. పేరు మారినా అది మారదు. ఇంకో సంగతి, డీడీరెస్క్యూకు మూలం ముందు, ఇమేజి తర్వాత, మ్యాపు చివర. తిరగేస్తే ఉన్నదీ పోతుంది. ఎంటర్ కొట్టేముందు నేను రెండు డిస్కుల సైజులు వేలు పెట్టి చదువుకున్నాను.

ఆ 3.22 జీబీ దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు వెలిగింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక, ఎంఎఫ్‌టీ, మామూలుగా 7,86,432వ క్లస్టరులో మొదలవుతుంది. క్లస్టరు అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైళ్లకు చోటు పంచే ముక్క, ఇక్కడ 4,096 బైట్లు. 4,096తో గుణిస్తే 3.22 జీబీ. డిస్కు పడినప్పుడు హెడ్ ఆ పట్టిక దగ్గరే తచ్చాడుతోందన్నమాట. విండోస్ గుడ్లప్పగించి చూసిందీ అందుకే.

1 టీబీలో నిండింది 212 జీబీ. ఖాళీ చోటు చదవడానికి డిస్కును ఎందుకు అరగదీయాలి? ఏ క్లస్టర్లు నిండి ఉన్నాయో చెప్పే బిట్‌మ్యాప్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో విడిగా ఉంటుంది. క్లస్టరుకు ఒక్క బిట్, మొత్తం 30.5 ఎంబీ. పార్ట్‌క్లోన్ అనే ప్రోగ్రాంలో డొమైన్ అనే ఆప్షన్ దాన్ని చదివి డీడీరెస్క్యూకు అర్థమయ్యే మ్యాపుగా మారుస్తుంది.

1. మొదటి 10 జీబీ ఇమేజి తీయాలి. మాకు బిట్‌మ్యాప్ అందులోనే పడింది.
2. ఇమేజిని ట్రంకేట్ కమాండుతో పూర్తి సైజుకు, అంటే 10,00,20,48,86,016 బైట్లకు సాగదీయాలి. ఇది చేయక గంటసేపు పార్టిషన్ ఎందుకు కనిపించడం లేదా అని తల పట్టుకున్నాను.
3. ఇమేజిని లూప్ డివైస్‌గా, అంటే ఫైలే డిస్కులా కనిపించేలా, తగిలించి, పార్ట్‌క్లోన్‌ను దాని మీద నడపాలి. అసలు డిస్కు మీద కాదు. స్కాన్ సగంలో ఆగిన డిస్కు కాబట్టి మొండికేసింది, బలవంతం చేసే ఆప్షన్ ఇవ్వాల్సి వచ్చింది.
4. ఆఫ్‌సెట్ చెప్పాలి. పార్టిషన్ 2,048వ సెక్టారులో మొదలవుతుంది, అంటే 10,48,576 బైట్లు.

నాలుగోది మొదటిసారి మరిచిపోయాను. మ్యాపు సున్నా దగ్గర మొదలవడం చూసి దొరికింది. చూసుకోకపోతే 212 జీబీనీ ఒక ఎంబీ పక్కకు జరిపి చదివేవాణ్ని.

*ఇప్పటిదాకా: తిరిగింది 6 గంటలు. దక్కింది 10 జీబీ. సాటా కేబుల్ 150తో కలిపి ఖర్చు 5,750.*

దశ 4: మంచిది ముందు (మే 14)

ఆప్షన్లు: డొమైన్ మ్యాపుకు చిన్న ఎం, నేరుగా చదవడానికి చిన్న డీ, మొండి చోట్లను ఇప్పుడే గీకవద్దని చిన్న ఎన్, సెక్టారు సైజుకు చిన్న బీ 4096. ఈ చివరిది ఇవ్వకపోతే 512 చొప్పున చదువుతుంది, పోయిన ఒక్క సెక్టారునే ఎనిమిదిసార్లు తడుతుంది. రోగి గుండె మీద ఎనిమిదిసార్లు గుద్దడం ఎందుకు.

గుంటూరు మే నెల. గంటలో వేడి 54కు చేరింది. ఆపి, డిస్కును రెండు పెన్సిళ్ల మీద ఎత్తి పెట్టి, టేబుల్ ఫ్యాన్ తిప్పాను. 41కి దిగి అక్కడే నిలిచింది. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది గానీ కంప్యూటర్ ఆ లైన్లో లేదు, నా తెలివి అంత. మ్యాపును డీడీరెస్క్యూ ఎప్పటికప్పుడు రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి పోయింది రెండు నిమిషాల పని. పొద్దున్నే ప్లగ్గు మార్చాను.

5 గంటల 40 నిమిషాల్లో మొదటి విడత అయింది. మ్యాపును బొమ్మగా చూపించే డీడీరెస్క్యూవ్యూలో చూస్తే ఎర్రమచ్చలు రెండే చోట్ల: 3.2 జీబీ దగ్గర సన్నగా, 61 నుంచి 64 జీబీ మధ్య గుత్తిగా. డిస్కు పొడవునా సమానదూరంలో చారలుంటే ఒక హెడ్ మొత్తం బలహీనపడిందని అర్థం. అది కాదు. దెబ్బ తగిలిన చోటే తగిలింది.

*ఇప్పటిదాకా: తిరిగింది 12 గంటలు. దక్కింది 211.6 జీబీ. మిగిలింది 412 ఎంబీ.*

దశ 5: గీకడం (మే 15 నుంచి 18)

చిన్న ఎన్ తీసేశాను. ఇప్పుడు మచ్చల్లోకి దిగి ఒక్కో సెక్టారూ చదువుతుంది. సెకనుకు 90 ఎంబీ వచ్చింది కాస్తా 4 కేబీ అయింది. పోయిన ఒక్కో సెక్టారు దగ్గర డిస్కు ఏడు సెకన్లు పెనుగులాడి, చిన్నగా "క్ర్" అని వదిలేస్తుంది. రెండో రోజుకు ఆ శబ్దం కలలోకి కూడా వచ్చింది. ఇంట్లో వాళ్లకు టెన్షన్ ఎందుకని తలుపు వేసేశాను.

31 గంటలు పట్టింది. చదవలేనివి 2,316 సెక్టార్లు, 9.49 ఎంబీ.

తర్వాత మళ్లీ ప్రయత్నాలు:

1. ముందు నుంచి వెనక్కి, మొదటిసారి: 1,990 మిగిలాయి.
2. రెండోసారి: 1,904.
3. పెద్ద అక్షరం ఆర్ ఇచ్చి వెనక నుంచి ముందుకు: 1,871.

మూడో విడతలో దక్కినవి 33. దానికి పట్టిన సమయం మూడున్నర గంటలు. ఇక్కడ ఆపేశాను. ఇంకో పది విడతలు తిప్పితే ఇంకో యాభై వచ్చేవేమో. కానీ ఆ యాభైలో ఏముందో తెలియకుండా, ఏ ఫైలు ఎంత పోయిందో చూడకుండా డిస్కును పరిగెత్తించడం పేకాట లాంటిది. డిస్కు చల్లారాక యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి బీరువాలో పెట్టాను.

*ఇప్పటిదాకా: తిరిగింది 55 గంటలు. పోయింది 1,871 సెక్టార్లు, 7.66 ఎంబీ. ఖర్చు 5,750.*

దశ 6: పోయింది ఎక్కడ పోయింది (మే 19, 20)

7.66 ఎంబీ అనే అంకెకు అర్థం లేదు. అది ఏ ఫైల్లో ఉందన్నదే లెక్క. దీనికి డీడీరెస్క్యూలోనే ఉపాయం ఉంది.

1. ఇమేజికి ఇంకో కాపీ తీయాలి. ఖాళీలు ఖాళీలుగానే ఉండేలా స్పార్స్ ఆప్షన్‌తో.
2. ఆ కాపీ మీద ఫిల్ మోడ్ నడిపి, పోయిన సెక్టార్లన్నిట్లో ఒక గుర్తు మాట నింపాలి. మామూలు ఫైళ్లలో ఉండని మాట ఏదైనా సరే.
3. కాపీని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఆ మాట కోసం గ్రెప్‌తో అన్ని ఫైళ్లూ వెతకాలి.

మొదటి మెట్టు దాటేసి అసలు ఇమేజి మీదే నింపితే, నిశ్శబ్దం ఉండాల్సిన చోట బర్రుమనే మోత వస్తుంది. నేను చేయలేదు గానీ కమాండు టైపు చేసి, చివరి క్షణంలో చూసుకున్నాను.

తేలింది ఇది: 11 వేవ్ ఫైళ్లలో 1,438 సెక్టార్లు. పెళ్లి వీడియోలు, ఫొటోలు, ఒక జిప్ ఫైలు కలిపి 431. ఎంఎఫ్‌టీలో 2.

వేవ్ ఎంత మంచి ఫార్మాటో అప్పుడే తెలిసింది. కుదింపు లేదు, ఒక చోట పోతే ఆ చోటే పోతుంది. సెకనుకు 1,76,400 బైట్లు, కాబట్టి ఒక సెక్టారు అంటే 23 మిల్లీసెకండ్లు. 1,438 సెక్టార్లు కలిపినా 33 సెకన్లు. జిప్ ఫైల్లో పోయింది మూడే సెక్టార్లు, కానీ లోపలి ఫొటోల్లో సగం తెరుచుకోలేదు.

ఎంఎఫ్‌టీలో పోయిన రెండు సెక్టార్లు చిన్నవిగా కనిపించినా గడ్డు. ఒక్కో ఫైలు వివరం 1,024 బైట్లు, అంటే సెక్టారుకు నాలుగు. మొత్తం ఎనిమిది ఫైళ్లకు పేరూ లేదు, ఊరూ లేదు. ఫైళ్ల సరుకు మాత్రం బిట్‌మ్యాప్ పుణ్యాన ఇమేజిలో భద్రంగా ఉంది. పేర్లు పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్‌ను నడిపితే వేవ్ ఫైలు మొదట్లో ఉండే "రిఫ్" (RIFF) అన్న నాలుగు అక్షరాలు పట్టుకుని ఐదింటిని బయటికి లాగింది. ఆ అక్షరాల వెనకే ఫైలు సైజు రాసి ఉంటుంది, అందుకే ఎక్కడిదాకా లాగాలో దానికి తెలిసింది. మిగతా మూడూ వేవ్‌లు కావు, దొరికిన వేవ్‌ల లెక్క 286కి సరిపోయింది. పేర్లు మాత్రం లేవు.

దశ 7: తెనాలిలో వినడం (మే 25, ఆదివారం)

ఐదు అనామక ఫైళ్లనూ పెదనాన్నకు వినిపించాను. మొదటిది పది సెకన్లు కూడా కాలేదు, చెయ్యి ఎత్తారు.

"ఆపరా అబ్బాయ్. ఇది నా పాత పెట్టె. మూడో మెట్టు రీడు కొంచెం బొంగురుగా ఉంటది, విను."

"ఏ ఊరు పెదనాన్నా?"

"ఊరేంటి, వెనకాల జనరేటర్ మోత వినపడట్లా? కొల్లూరు."

నాలుగింటికి ఊరు, కాలం చెప్పారు. ఐదోదానికి హార్మోనియం తనది కాదన్నారు. దాన్ని "ఐదు" అనే పేరుతోనే ఉంచాను.

తర్వాత గాయపడ్డవి. ఒక చోట నటుడు పద్యం చివర మోహన రాగం తీస్తూ పైకి వెళ్లాడు, జనం వన్స్‌మోర్ అని అరిచారు. సరిగ్గా ఆ అరుపు మధ్యలో "టిక్". ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో జూమ్ చేసి చూపించాను. ఎగుడుదిగుడు అలల మధ్య తెగిన దారంలా ఒక సూటి గీత, 1,024 శాంపిళ్లు. ఆడాసిటీలో రిపేర్ అనే ఎఫెక్ట్ ఉంది గానీ అది 128 శాంపిళ్లకు మించి ముట్టదు. అందుకని గీతకు అటూ ఇటూ 5 మిల్లీసెకండ్లు మెల్లగా తగ్గించి, పెంచాను. టిక్కు పోయి చిన్న తడబాటు మిగిలింది. పది ఫైళ్లలో 536 చోట్లు, కలిపి 12 సెకన్లు. అన్నీ చేత్తోనే చేయాలి. ఇప్పటికి 210 అయ్యాయి. సరిచేసినవి వేరే ఫోల్డర్లో పెడుతున్నాను, అసలువి ముట్టుకోలేదు. రెండు డిస్కుల్లో కాపీలు, ప్రతి ఫైలుకు షా-256 లెక్క (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే అంకె), ఒక డిస్కు తెనాలిలో, ఒకటి నా దగ్గర.

మిగిలింది పదకొండో ఫైలు. అందులో ఒక్కదాన్లోనే 902 సెక్టార్లు, దాదాపు 21 సెకన్లు. ఒక పద్యం రెండో పాదం నుంచి పూర్తిగా లేదు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. పెదనాన్న కాసేపు ఊరుకుని, ఆ క్యాసెట్టు రేపల్లెలో మేనత్త ట్రంకు పెట్టెలో ఉండాలన్నారు. ఫోన్ చేస్తే ఉందంది. టేపుకు బూజు పట్టలేదట.

పెదనాన్న టేప్ రికార్డరు విప్పాను. బెల్టు కరిగి కప్పీకి తారులా అంటుకుపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవి పుల్లలతో తుడవడానికి గంటన్నర పట్టింది. బెల్టు తిరిగే దారి వెంట దారం చుట్టి కొలిస్తే 24.6 సెంటీమీటర్లు. బిగుతుకు ఐదు శాతం తగ్గిస్తే 23.4. ఆ కొలతకు మూడు బెల్టులు ఆర్డరు పెట్టాను, 180 రూపాయలు.

*ఇప్పటిదాకా: ఖర్చు 5,930. రావలసింది 21 సెకన్లు.*